దిగిందని సెప్పే మనిషి

మొన్న మా హోటలుకి ఒక పేపరాయన వచ్చేడు. హోటలంటే ఏదో అనుకునేరు. కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ఒక ఇడ్లీ పాత్ర, ఒక పెనం, దాని ఎనకాల నేను. "డాక్టర్ సుహాసిని గారి పిన్ని చిన్నతల్లి గారు మీరేనాండీ?" అన్నాడు. అవునన్నాను. రెండట్లు తిన్నాడు, సుహాసిని ఫొటో ఒకటి నా ఫోన్లోంచి పంపించుకున్నాడు, ఎలిపోనాడు. వారం తిరక్కుండా పేపర్లో పడ్డాది. యుద్ధభూమిలో ప్రాణదాత, మన సిక్కోలు ఆడబిడ్డ, అని పెద్దక్షరాలు. ప్రాణదాతట. అది గాని సూసిందంటే సుహాసిని ఆ పేపరు ముక్కని నా పొయ్యిలోనే పెట్టీసును.

ఆయన రాసిందాంట్లో అబద్ధం నేదు. మా అప్ప, అంటే మా అక్క, దాని కూతురు డాక్టరే. యుద్ధాలు జరిగే దేశాల్లో డేరాలేసి ఆస్పత్రులు నడిపే ఒక సంస్థలో పనిసేస్తాది, అదీ నిజమే. గాని ఆయన అడగాల్సింది అడగనేదు. అడిగుంటే అట్టు మాడిపోయినా సెప్పీదాన్ని. సరే, మీరు కూకోండి, మీకు సెప్తాను.

ముందు మా అమ్మ సంగతి తెలియాల. మా అమ్మ పేరు గురమ్మ. మా ఊరు ఇక్కడికి దగ్గిరే, సుట్టూ వరిసేలు. ఊర్లో ఎవరికైనా ఆఖరి గడియ వచ్చీసిందంటే మా ఇంటికి కబురొచ్చీది. మా అమ్మ రాగిసెంబుతో నీల్లు పట్టుకుని ఎల్లీది. కన్నకొడుకులున్నా, కట్టుకున్నోల్లున్నా, అలాటప్పుడు ఆల్ల సేతులు వణుకుతాయి కదా. బడబడా పోసీసి పొలమారించీస్తారు. మా అమ్మ అలగ కాదు. గెడ్డం కింద ఎడం సెయ్యి పెట్టి, సెవికాడ ఆ మనిషిని పేరెట్టి పిలిసి, బుగ్గ పక్కనించి సన్నగా పోసీది. పోసి, రెండు వేల్లు గొంతు మీద ఆనించి సూసీది. గుటక పడితే తలెత్తి "దిగింది" అనీది. ఆ మాట ఇన్నాకే, ప్రాణం పోనాక, ఇంట్లో ఆడోల్లు ఏడుపెత్తీవోరు. ఆ మాట నేకుండా ఏడవడం మా ఊర్లో ఎరగం. దాహంతో పోయినోల్లు గుమ్మం దాటి ఎల్లరని మావోల్ల నమ్మకం.

మా అప్ప లక్ష్మణమ్మ పచ్చకామెర్లతో పోయినప్పుడు కూడా మా అమ్మే పోసింది. కన్నకూతురికి. సెయ్యి వణకనేదు. "దిగింది" అని, సెంబు కింద పెట్టి, అప్పుడు కూలబడిపోనాది. సుహాసిని అప్పటికి ఇంకా బడికి కూడా ఎల్లట్లేదు. తండ్రి ఇంకో పెల్లి సేసుకుని విజీనారం ఎలిపోనాడు. దాన్ని పెంచింది మా అమ్మే. మా అమ్మ ఎవరింటికి నీల్లు పొయ్యడానికి ఎల్లినా ఆ గుంట కూడా ఎనకాలే. సెంబు మొయ్యడం దాని పని. సిన్నపిల్లని సావుల దగ్గిరకి ఏల తిప్పుతావని నేను ఎన్నిసార్లు దెబ్బలాడేనో. "తిరగనీ, నీకేటి నొప్పి" అనీది మా అమ్మ. ముసల్దానితో నోరెట్టుకుని నెగ్గినోల్లు మా వంశంలో నేరు.

సదువు బాగా వచ్చింది దానికి. డాక్టరయ్యింది. "మీ అమ్మమ్మ ఆఖర్న నీల్లు పోస్తాది, నువ్వు ముందర మందు పొయ్యి, ఇద్దరూ కలిసి ఊరిని ఏలీండి" అని ఏడిపించీదాన్ని. నవ్వీది. శ్రీకాకుళంలో ఒక గది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టుకుంటుందని మేమందరం అనుకున్నాం. మా తమ్ముడు జగన్నాధం గది కూడా సూసి వచ్చేడు. ఇది వచ్చి, ఆఫ్రికాలో దక్షిణ సూడానని ఒక దేశం ఉన్నాది, అక్కడికి ఎల్తన్నానన్నాది. "అక్కడ మనోల్లు ఎవరున్నారే?" అన్నాను. "ఎవరూ నేరు పిన్నీ, అందుకే" అన్నాది. నాకు ఒల్లు మండిపోనాది. ఇక్కడ నరసన్నపేటనించి పలాస దాకా రోగాలు తక్కువయ్యాయేటి? అని అడిగితే మా అమ్మ నా మీదకే లేచినాది. "దాహం ఎక్కడైనా దాహమే, దాన్ని ఎల్లనీ" అన్నాది. పెల్లి మాట ఎత్తితే ఇద్దరూ కలిసి నన్నే కసిరీవోరు.

అలగ ఎల్లడం, కొన్ని నెలలుండి రావడం. వచ్చినప్పుడల్లా సగమై వచ్చీది. మా అమ్మ సోడంబలి, అదే రాగిజావ, కాసి ముందు పెట్టీది, తాగి పడుకునీది, నాలుగురోజులకి మనిషిలో పడీది. ఆఖరుసారి వచ్చినప్పుడు మాత్రం పడనేదు. తిండి తింటాది, పలికితే పలుకుతాది. గాని ఒకటి గమనించేను. ఇంటికి ఎవరైనా వచ్చి మంచినీల్లడిగితే ఇది లేవదు. పక్కనే కుండుంటాది, గ్లాసుంటాది, అయినా "పిన్నీ, నీల్లు కావాలంట" అని నన్ను కేకేస్తాది. మా అమ్మకి మాత్తర్లు అందిస్తాది, నీల్లు మాత్రం నేను తేవాల. విదేశాలు తిరిగొచ్చి దొరసానైపోనాది అనుకున్నాను. అనుకోడమేటి, మొహం మీదే అనీసేను.

కారణం నాకు తరవాత తెలిసింది. గాని మీకు ముందే సెప్పీస్తాను, నేకపోతే మీరూ నాలాగే దాన్ని తిడతారు.

అక్కడ కాల్పులు జరిగితే దెబ్బలు తగిలినోల్లు ఒక్కసారే వచ్చి పడతారట. లారీల్లో, మంచాల మీద, మనుషుల భుజాల మీద. డాక్టర్లు ఇద్దరో ముగ్గురో. కోసే బల్ల ఒక్కటే. అందరికీ సేతులు సాలవు. అందుకని వచ్చినోల్లని వచ్చినట్టు సూసి సేతికి రంగు పట్టీ కడతారు. ఎర్రదైతే ఎంటనే బల్ల మీదకి. పసుపుదైతే కాసేపు ఆగొచ్చు. నల్లదంటే ఇంక సేసేది నేదు, వదిలీడమే. నల్లపట్టీ వోల్లని పక్కనున్న డేరాలో పడుకోబెట్టి నొప్పి తెలీకుండా సూదిమందు ఇస్తారు. ఆ పట్టీలు కట్టీది మా సుహాసిని. ఎవరు బతకాలో ఎవరు పోవాలో సెప్పీ పని ఒక ఆడపిల్ల సేతిలో పెట్టినోల్లని ఏటనాలో నాకు తెలీదు. అదైతే, ఎవరో ఒకరు సెయ్యాల కదా పిన్నీ, అంటాది.

ఖాళీ దొరికినప్పుడల్లా ఆ నల్లపట్టీల డేరాలోకి ఎల్లి కూకునీదట. దగ్గిర మనుషులుంటే పేరు కనుక్కునీది. గెడ్డం కింద ఎడం సెయ్యి పెట్టి, సెవిలో పేరెట్టి పిలిసి, బుగ్గ పక్కనించి నీల్లు. మా అమ్మ సేసినట్టే. పోయేవోల్లకి ఏదిచ్చినా తప్పు నేదు కదా, తోటి డాక్టర్లు సూసి ఊరుకునీవోరు. ఊర్లో మా అమ్మ ఒక జీవితంలో ఎంతమందికి పోసిందో, ఇది ఏడాదిలో అంతమందికి పోసుంటాది.

ఒకరోజు ఒక పిల్ల వచ్చింది. పదేల్లో పన్నెండో. పశువులు కాసుకునీవోల్ల పిల్ల. కడుపులో తూటా. నాడి అందలేదు. ఇదే సూసి నల్లపట్టీ కట్టింది. తల్లి పక్కనే ఉన్నాది. పిల్ల నీల్లు నీల్లని ఆల్ల బాసలో అడుగుతాంటే ఇది పోసింది. మూడు గుక్కలు దిగాయి. ఇంకా కావాలంటే ఇంకా పోసింది. కాసేపటికి బయట హడావిడి తగ్గినాది, బల్ల ఖాళీ అయినాది. కోసే డాక్టరు ఆ డేరాలోకి వచ్చి పిల్ల మెడ మీద సెయ్యేసి సూసేడు. నాడి తిరిగొచ్చింది. "తీసుకురండి, ప్రయత్నం సేద్దాం" అన్నాడు. నీల్లు తాగిందని ఇది సెప్పింది. ఏటి సేస్తాం, ఇంక ఆగడానికి నేదు అన్నాడాయన.

మీకూ తెలుసు కదా, ఆపరేషనంటే ముందు పచ్చినీల్లు కూడా ముట్టనివ్వరు. మత్తిచ్చీసరికి కడుపులో నీల్లు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి ఎలిపోనాయి. పిల్ల బల్ల మీదే పోనాది. ఆ నీల్ల వల్లే అని ఎవరూ అననేదు. రక్తం చాలా పోయింది, ఎలగైనా పోయీదేమో అన్నారట. గాని ఇది డాక్టరు కదా, దానికి తెలీదేటి. బయటికొస్తే ఆ తల్లి దీని రెండు సేతులు పట్టుకుని ముద్దులెట్టుకుంది. నా పిల్ల దాహంతో పోనేదు, నీ సేత్తో నీల్లు పోసేవు, అన్నాదట. ఆల్ల మాట తెలిసిన మనిషి పక్కన నిలబడి అది ఇంగ్లీషులో సెప్పేడు. ఇది నోరు విప్పనేదు. తలూపి ఊరుకున్నాది.

అదీ సంగతి. ఆ సేతులు తీసుకుని ఇంటికొచ్చింది. నేనేమో దొరసానని తిడతన్నాను.

మొన్న ఎండల్లో మా అమ్మకి కడుపునొప్పి ఎత్తుకున్నాది. ముందురోజు వాంతులు. తెల్లారీసరికి పొట్ట బిర్రుగా ఉబ్బిపోనాది. సుహాసిని సేత్తో నొక్కి సూసి, సెవి ఆనించి సూసి, "పేగు మెలిపడినాది, బేగి శ్రీకాకుళం తీసుకెల్లాల, కొయ్యాల" అన్నాది. మా అమ్మ నవ్వినాది. అంత నొప్పిలో నవ్వడం నేను సూడనేదెప్పుడూ.

"నన్ను కొయ్యడమేటే. నా పని అయిపోనాది. ఎంతమందిని సూసేను, నాకు తెలీదేటి. ఆ సెంబు తే. నీ సేత్తో పొయ్యి."

"ఇప్పుడు పొయ్యకూడదమ్మమ్మా. కోస్తే బతుకుతావు. కడుపులో సుక్క పడకూడదు."

"బతికి ఏటి సెయ్యాలి? నీకోసమేనే దాసుకున్నాను ఆ గుక్క. మీ పిన్ని సేత్తో వద్దు, అది బడబడా పోసీస్తాది."

ఆ మాటకి నాకు కోపం కూడా రానేదు. "ముసల్ది అడుగుతన్నాది కదా, ఇంటికాడే వదిలీవే, రెండు గుక్కలు పొయ్యవే" అని నేను బతిమాలేను. జగన్నాధం అయితే ఏటీ తేల్సుకోనేక గుమ్మంలో నిలబడి సూస్తన్నాడు. సుహాసిని ఫోన్ తీసి అంబులెన్సుకి సెప్పీసింది. నా వైపు తిరిగి, "పిన్నీ, ఒకసారి నల్లపట్టీ కట్టీసి తప్పు సేసేను, మల్లీ కట్టను" అన్నాది. అప్పుడు అది ఏటి మాట్లాడతన్నాదో నాకేటి తెలుసు.

అంబులెన్సులో మా అమ్మ తలకాడ అది, కాల్లకాడ నేను. జగన్నాధం బండి మీద ఎనకాల వస్తన్నాడు. నేను రాగిసెంబు నిండా నీల్లు పోసి, మూతికి గుడ్డకట్టి, సంచిలో పెట్టి తెచ్చేను. కోటబొమ్మాళి దాటి హైవే ఎక్కేం. మా అమ్మకి నాలిక పిడసకట్టుకుపోనాది. నీల్లు నీల్లు అని ఒకటే కలవరింత. సుహాసిని దూది తడిపి పెదాలకి అద్దుతాంటే ఆ దూదిని పళ్ళతో పట్టీసుకుని పీల్సింది. వదలదు. లాగితే తల దాంతో పాటే లేస్తన్నాది. ఎనభై దాటిన మనిషి, నాలుగే పళ్ళు.

"ఊరందరి నోట్లో పోసేనే, నాకు పోసీ మనిషి నేదేటే" అన్నాది.

ఇంక నా వల్ల కానేదు. నరసన్నపేట వస్తాదనగా సంచిలోంచి సెంబు తీసేను. గుడ్డ ఇప్పీసి మా అమ్మ నోటికాడ పెట్టేను. సుహాసిని నా మణికట్టు పట్టీసుకున్నాది. నేను తోసేను. అది ఇడవనేదు. ఇద్దరం ఆ ఇరుకులో పెనుగులాడతాంటే నీల్లన్నీ మా అమ్మ మెడ మీంచి జాకెట్టులోకి, కిందకి ఒలికిపోనాయి. మా అమ్మ నాలిక బయటపెట్టి మెడమీద తడి కోసం ఎతుక్కున్నాది. అది నేను సచ్చీదాకా మరిసిపోను. సుహాసినిని అనరాని మాటలన్నాను. నీ కడుపు కాలా అన్నాను, పెంచినదాన్ని ఎండబెట్టి సంపుతన్నావన్నాను. అది సెయ్యి ఇడవకుండానే ఏడిసింది. గాని నీల్లు మాత్రం పొయ్యనివ్వనేదు.

శ్రీకాకుళం ఆస్పత్రిలో బేగినే సూసేరు. స్కానింగ్ తీసేరు. పెద్ద డాక్టరు బయటికొచ్చి సుహాసినితో మెల్లగా మాటాడేడు. పేగు నల్లబడి కుల్లిపోనాది, విషం ఒల్లంతా ఎక్కీసింది, గుండె తట్టుకోదు, కోస్తే బల్ల మీదే పోతాది. కొయ్యం అన్నాడు. "ఇంక ఆవిడ అడిగింది ఇచ్చీండమ్మా" అన్నాడు. మంచి మనిషే, ఆయన సేతుల్లో మాత్రం ఏటున్నాది.

ఆ మాటకి సుహాసిని మొహం సూడాల. రంగు పట్టీలు కట్టీ సోట పనిసేసిన మనిషి కదా, మా అమ్మకి ఏ రంగు పడ్డాదో దానికి ఎవరూ సెప్పక్కర్లేదు. నా సేతిలోంచి ఖాళీ సెంబు లాక్కుని వరండా సివర కుళాయికాడికి పరిగెత్తింది. జనాన్ని తోసుకుంటూ తిరిగొచ్చింది. గెడ్డం కింద ఎడం సెయ్యి పెట్టి, సెవికాడ వంగి, "గురమ్మా" అని పిలిసింది. అమ్మమ్మా అననేదు, పేరెట్టి పిలిసింది. బుగ్గ పక్కనించి సన్నగా పోసింది. సెయ్యి వణకనేదు. మా అమ్మ కల్లు తెరిసే ఉన్నాయి గాని అప్పటికే మనిషి దూరమైపోనాది. నీల్లు ఇటునించి పోస్తే అటు పెదవి మూలనించి కారిపోనాయి. మల్లీ పోసింది. మల్లీ కారిపోనాయి. రెండు వేల్లు గొంతు మీద ఆనించి అలగ నిలబడిపోనాది. కాసేపటికి మా అమ్మ పోనాది.

ఇంటికి తెచ్చేం. వాకిలి నిండా జనం. గురమ్మ నీల్లు పొయ్యని ఇల్లు మా ఊర్లో ఎక్కడున్నాది గనక. అందరూ వచ్చేరు. దేముడమ్మని మా అమ్మ ఈడు ముసల్ది, ఆవిడ కర్రపట్టుకుని ముందుకొచ్చి, "ఎవరు పోసేరు?" అన్నాది.

"మనవరాలే పోసింది" అన్నాను నేను. అది అబద్ధం కాదు.

ఆడోల్లందరూ సుహాసిని వైపు తిరిగేరు. అందరి నోల్లు బిగపట్టి ఉన్నాయి. ఆ ఒక్క మాట అనీస్తే సాలు, ఏడుపెత్తీడానికి సిద్ధంగా ఉన్నారు. నేను దాని మోసెయ్యి గిల్లేను. సుహాసిని తలెత్తింది.

"పోసేను. దిగనేదు" అన్నాది.

ఎవరూ ఏడుపెత్తనేదు. ఏడవడానికి నోరు తెరిసిన కోడలు, జగన్నాధం పెల్లాం, మల్లీ మూసీసింది. స్నానం సేయించేరు, పాడె కట్టేరు, జగన్నాధం నిప్పు పట్టుకున్నాడు, అంతా మాటా పలుకూ నేకుండా. ఊరందరినీ ఏడిపించి సాగనంపిన మనిషిని ఊరంతా నోరుమూసుకుని సాగనంపింది. నేనూ ఏడవనేదు, ఆ రాగిసెంబు తోమి పైన పెట్టీసేను.

పదోరోజు అయినదాకా దాంతో మాటాడనేదు. కర్మలు అయిపోనాక, సుట్టాలు ఎలిపోనాక, అప్పుడు అడిగేను. "ఒక్క మాటే. దిగిందని అనీస్తే నీ సొమ్మేటి పోనాదే? ఎవరు గొంతు కోసి సూస్తారు? మా అమ్మని దిక్కునేనిదాన్నిలా పంపించీసేవు."

అప్పుడు సెప్పింది, ఇందాక నేను మీకు సెప్పిందంతా. ఆ పిల్ల, ఆ పట్టీ, ఆ తల్లి ముద్దులు. సెప్పి, "ఆ తల్లికాడ నోరు మూసుకుని అబద్ధమాడేను పిన్నీ. అమ్మమ్మ మీద ఇంకో అబద్ధం ఆడనేను. అమ్మమ్మ ఎప్పుడూ దిగనిది దిగిందననేదు" అన్నాది.

అంబులెన్సులో అన్న మాటలు ఎనక్కి తీసుకుందామంటే నోరు రానేదు. అన్నం పెట్టేను, తిన్నాది. ఇంకో దేశంలో పని ఉన్నాదని వారం తిరక్కుండా ఎలిపోనాది. ఎల్లొద్దే అన్నాను. ఇక్కడ ఉంటే అందరూ గొంతు తడుముకుంటూ నన్ను సూస్తన్నారు పిన్నీ, అన్నాది. అదీ నిజమే. స్టేషన్లో రైలెక్కించి వచ్చి ఇడ్లీ పిండి రుబ్బుకున్నాను.

మొన్న పేపరు పడ్డాక ఫోన్ సేసింది. పొద్దున్న, జనం ఉన్నప్పుడు. గొంతు నీరసంగా ఉన్నాది. పేపరు సంగతి సెప్తే నవ్వనేదు. ఇంకేటి మాటాడాలో తెలీక అడిగీసేను.

"ఇప్పుడు పోస్తన్నావేటే ఆల్లకి?"

"పోస్తన్నాను. గాని ఇప్పుడు ముందు అడుగుతన్నాను పిన్నీ. నల్లపట్టీ కట్టినా సరే, కోసే డాక్టరు వచ్చి సూసి ఇంక పొయ్యొచ్చు అన్నాకే పోస్తన్నాను. ఆయనకి తీరిక దొరికీసరికి సానామందికి దిగట్లేదు."

"మరి పక్కన ఆల్ల అమ్మలూ అక్కలూ ఉంటారు కదా. ఆల్లకి ఏటి సెప్తన్నావు?"

ఫోన్ సెవికాడ పెట్టుకునే పెనం మీద ఇంకో అట్టు పోసేను.

"దిగిందని సెప్తన్నాను పిన్నీ" అన్నాది.

ఫోన్ పెట్టీసింది. పెనం మీద అట్టు మాడుతన్నాది. ఒకాయన సెట్నీ అడుగుతన్నాడు. నేను గరిటె పట్టుకుని అక్కడే నేలమీద కూలబడిపోయి, అమ్మా అని ఏడుపెత్తేను. మా అమ్మ పోనాక అదే మొదలు.